లినక్సులో వీడియో ఆటలు: దొరకునా, దొరకవా?

వస్తువు అంగడిలో ఉన్నది, కొనుటకు చేతిలో పైకమున్నది, ఇంటిలో యంత్రమున్నది. అయినను ఆ వస్తువు మన యంత్రముపై పనిచేయునో లేదో కొన్న పిదపగాని తెలియకుండుట, నేడు పనిచేసినను రేపు పనిచేయునను నమ్మకము లేకుండుట చిత్రమైన స్థితి. లినక్సు అను నిర్వహణ వ్యవస్థ గల కంప్యూటర్లపై, వెలపెట్టి కొను వీడియో ఆటల సంగతి సరిగా ఇట్లే ఉన్నది.

ఇది పిల్లల ముచ్చట మాత్రమే యని పెద్దలు తీసివేయుటకు వీలులేదు. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు కంపెనీ విండోసు 10 అను వ్యవస్థకు సాధారణ సహాయమును నిలిపివేసినది. దాని తరువాతిదైన విండోసు 11, యంత్రములో ఒక ప్రత్యేకమైన భద్రతా ఏర్పాటును, కొంత క్రొత్త ప్రాసెసరును కోరును. 2017వ సంవత్సరమునకు ముందు కొన్న యంత్రములు చాలవరకు ఆ పరీక్షకు నిలువవు. గాజువాకలోగాని, ఉక్కునగరములోగాని, మద్దిలపాలెములోగాని ఇట్టి యంత్రము గల గృహస్థు ముందు మూడు త్రోవలున్నవి. వేలకు వేలు పోసి క్రొత్త యంత్రము కొనుట ఒకటి. రక్షణ కరవైన పాత వ్యవస్థతోనే కాలక్షేపము చేయుట రెండవది. వెల లేకుండ లభించు లినక్సును ఎక్కించుకొని, ఇంకను పనిచేయుచున్న యంత్రమునకు ఆయుస్సు పొడిగించుట మూడవది. ఈ మూడవ త్రోవను తండ్రి ఎన్నుకొనబోవు వేళ ఇంటిలోని కుఱ్ఱవాడు, “నాన్నా, నా ఆటలు దానిలో ఆడతాయా?” అని అడుగును. ఈ ప్రశ్నకు ఔననిగాని, కాదనిగాని ఒక్క మాటలో చెప్పరాదు. ఎందుకు చెప్పరాదో తెలిసికొన్నచో, ఎవరి యింటికి తగిన సమాధానమును వారే చెప్పుకొనగలరు.

రేవుపట్టణమున నివసించువారికి దీనిని బోధపరచుట కష్టము కాదు. విశాఖపట్టణపు రేవు 1933లో తెరువబడినది. లోపలి రేవు లోతునకు సరిపడు ఓడలే దానిలోనికి రాగలిగెడివి. ఇనుప ఖనిజమును విదేశములకు కొనిపోవు పెద్ద ఓడలకు ఆ లోతు చాలదు. అందుచేత వెలుపలి రేవును నిర్మించి 1976లో వాడుకలోనికి తెచ్చిరి. ఓడ మంచిదే, సరకు మంచిదే. అయినను ఓడ యే రేవు కొలతలకు సరిపడునో ఆ రేవులోనే నిలువగలదు. కంప్యూటరులో నిర్వహణ వ్యవస్థ రేవు వంటిది. ఆట ఓడ వంటిది. తెరపై బొమ్మ గీయవలెనన్నను, ధ్వని వినిపింపవలెనన్నను, ఆటగాడు ఏ మీట నొక్కెనో తెలిసికొనవలెనన్నను ఆట స్వయముగా చేయజాలదు. ఓడ కెప్టెను రేవు పైలటును, క్రేను పనివారిని పిలిచినట్లు, అది అడుగడుగునను నిర్వహణ వ్యవస్థను పిలిచి పని చేయించుకొనును. ఆ పిలుపుల భాష విండోసులో ఒకటి, లినక్సులో మరియొకటి. 1995 మొదలు మైక్రోసాఫ్టువారు ఆటల కొఱకే డైరెక్టు ఎక్సు అను పిలుపుల సముదాయమును ఏర్పరచిరి. ఆటలు వ్రాయువారిలో పెక్కుమంది దానికే అలవాటుపడిరి. లినక్సులో ఓపెన్ జి.ఎల్. అనునదియు, 2016 నుండి వల్కన్ అనునదియు ఆ పనికి ఉన్నవి. భాష వేరైనచోట ఓడ రేవు వాకిటనే ఆగిపోవును.

లినక్సు సామాన్యమైన రేవు కాదు. ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయములో చదువుకొనుచుండిన లైనస్ టోర్వాల్డ్సు తన 21వ యేట, 1991లో, దీని మూలభాగమును వ్రాసి లోకమునకు విడిచిపెట్టెను. అంతకు పూర్వమే 1983లో అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్ ఆరంభించిన గ్నూ ఉద్యమము దీనికి తక్కిన అంగములను సమకూర్చినది. దీనిని ఎవరైనను వాడుకొనవచ్చును, నకలు తీసి పంచవచ్చును, మార్చుకొనవచ్చును. ప్రపంచములోని 500 మహా కంప్యూటర్ల పట్టికలో నున్నవన్నియు 2017 నవంబరు నుండి దీనిపైననే నడచుచున్నవి. మన చేతిలోని ఆండ్రాయిడు ఫోను లోపల నున్నదియు లినక్సు మూలమే. అట్లయిన ఫోనులోని ఆట లినక్సు కంప్యూటరుపై ఏల నడువదని సందేహము కలుగవచ్చును. మూలము ఒకటే యైనను దానిపై కట్టిన ఇల్లు వేరు. ఫోను ఆట ఆ ఇంటి గదులను ఎరుగునుగాని పునాదిని ఎరుగదు.

ఈ స్వేచ్ఛ వలన తెలుగువారికి కలిగిన మేలు చిన్నది కాదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు 2005లో ఆ పేరుతోనే తెలుగు నిర్వహణ వ్యవస్థను వెలువరించిరి. భారత ప్రభుత్వపు సి-డాక్ సంస్థవారు 2007లో బాస్ అను పేరుతో భారతీయ భాషలకు అనువైన లినక్సును విడుదల చేసిరి. ఎవరి అనుమతికొఱకును కాచుకొనక, పట్టికలలోని మాటలను మనవారే తెలుగు చేసికొనగలిగిరి. ఆటల విషయములో ఈ పద్ధతి సాగదు. వెలకు అమ్ము ఆట యొక్క మూలరచన కంపెనీ పెట్టెలో తాళము వేసి యుండును. ఎంత నేర్పరియైన స్వచ్ఛంద సేవకుడైనను దానిని తెరచి లినక్సునకు మార్చుటకు హక్కు లేదు. ఉత్తరములు వ్రాయుట, లెక్కలు కట్టుట, పాటలు వినుట, పిల్లలకు పాఠములు చూపుట మొదలగు పనులన్నిటికిని లినక్సులో సొంత సామగ్రి ఉన్నది. ఆటలకు మాత్రము అది పరుల దయపై ఆధారపడినది.

ఇట్టి పరాధీనత ఎట్టిదో ఈ నగరమునకు తెలియును. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో అది జాతికి అంకితమైనది. కొలుములున్నవి, పనివారున్నారు, ప్రక్కనే సముద్రమున్నది; కాని ఇనుప ఖనిజమునకు సొంత గనులు లేవు. బైలడిల్లా కొండల ఖనిజమును వెలపెట్టి కొని తెచ్చుకొనవలసినదే. అమ్మువాడు వెల పెంచినను, సరఫరా తగ్గించినను కొలిమి దగ్గఱ నున్నవాని నేర్పు అక్కఱకు రాదు. లినక్సు కొలిమికిని ఆటల ఖనిజము పైనుండియే రావలెను.

ఆటల కంపెనీలు లినక్సునకు ఏల వ్రాయవను ప్రశ్నకు సమాధానము విత్తు ముందా, చెట్టు ముందా యన్నట్లుండును. ఇండ్లలో లినక్సు వాడువారు కొద్దిమంది కనుక కంపెనీలు దానికై ఖర్చుపెట్టవు. ఆటలు రావు కనుక ఆటగాండ్రు లినక్సునకు రారు. పైగా లినక్సు ఒక్క రూపున నుండదు. డెబియను, ఉబుంటు, ఫెడోరా మొదలగు పెక్కు రూపములున్నవి. ప్రతిదానిపైనను పరీక్షించుట, కొన్నవారి ఫిర్యాదులకు సమాధానము చెప్పుట కంపెనీకి భారము. లాభము చూచుకొను వర్తకుడు ఇట్లు ఆలోచించుటలో తప్పులేదు.

అయినను ప్రయత్నములు జరుగకపోలేదు. 1993లో వెలువడి ప్రసిద్ధికెక్కిన డూమ్ అను ఆట 1994లోనే లినక్సుపై ఆడినది. 1998లో అమెరికాలో స్కాట్ డ్రేకర్ అను ఆయన లోకి సాఫ్టువేరు అను సంస్థను స్థాపించెను. ఇతరులు విండోసుకై వ్రాసిన ఆటలను వారి అనుమతితో తీసికొని, లినక్సునకు మార్చి అమ్ముట దాని వృత్తి. 1999లో సివిలిజేషన్: కాల్ టు పవర్ అను ఆటతో మొదలిడి మంచి ఆటలు కొన్ని తెచ్చినది. కాని మార్పు పూర్తియై లినక్సు ప్రతి వచ్చుసరికి, ఆత్రముగల ఆటగాడు విండోసు ప్రతిని ముందే కొనియుండెడివాడు. వచ్చు రాబడి ఖర్చునకు చాలక 2002 జనవరిలో ఆ సంస్థ మూతపడినది. సంస్థ పోయినను దాని పనియంతయు వృథా కాలేదు. ఆ రోజులలో శామ్ లాంటింగా రూపొందించిన ఎస్.డి.ఎల్. అను ఉపకరణ సముదాయము నేటికిని ఆటలు వ్రాయువారికి తోడ్పడుచున్నది.

తరువాతి ఘట్టము వాల్వ్ అను అమెరికా కంపెనీది. కంప్యూటరు ఆటలను అంతర్జాలము ద్వారా అమ్ము స్టీమ్ అను అంగడి ఆ కంపెనీదే. 2013 ఫిబ్రవరిలో అది ఆ అంగడిని లినక్సునకు తెచ్చినది. 2015లో లినక్సుతో నడచు స్టీమ్ మెషీన్ అను ఆటయంత్రములను ఇతర తయారీదారులచే అమ్మించినది. ఆడదగిన ఆటలు తక్కువగుటచే జనులు వానిని ఆదరింపలేదు. రేవు ఎంత అందముగా కట్టినను ఓడలు రానిచో ప్రయోజనము లేదని అప్పుడు తేలిపోయినది.

అప్పుడు ఓడలను మార్చు ప్రయత్నము మాని, రేవులో దుబాసీని నిలుపు ఆలోచన బలపడినది. కోరమండల తీరమున పూర్వము యూరపు వర్తకులు బట్టలు కొనవచ్చినపుడు, వారి మాట నేతపనివారికిని, నేతపనివారి మాట వారికిని చెప్పుటకు దుబాసీలుండెడివారు. వర్తకుడు తెలుగు నేర్వలేదు, నేతగాడు ఇంగ్లీషు నేర్వలేదు. బేరము మాత్రము సాగెడిది. 1993లో ఆరంభమైన వైన్ అనునది ఇట్టి దుబాసీయే. విండోసు భాషలో ఆట పలికిన ప్రతి పిలుపును అది లినక్సు భాషలోనికి త్రిప్పి చెప్పును. విండోసులో ఎన్ని పిలుపులున్నవో అన్నిటికిని సమాధానము సమకూర్చుట ఎంత శ్రమయో ఊహింపవచ్చును. దాని మొదటి పూర్తి విడుదల రావడానికి 15 యేండ్లు పట్టి, 2008లో వెలువడినది.

2018 ఆగస్టులో వాల్వ్ కంపెనీ ఈ వైన్‌నకు మరికొన్ని అంగములు చేర్చి ప్రోటాన్ అను పేరుతో స్టీమ్‌లో నెలకొల్పినది. వానిలో ముఖ్యమైనది డి.ఎక్స్.వి.కె.; ఇది డైరెక్టు ఎక్సు వారి చిత్రలేఖన పిలుపులను వల్కన్ భాషలోనికి మార్చును. ఇక ఆటగాడు ప్రత్యేకముగా ఏమియు అమర్చుకొన నవసరము లేకుండ, విండోసు ఆటను కొని మీట నొక్కిన చాలునను స్థితి పెక్కు ఆటలకు ఏర్పడినది. 2022 ఫిబ్రవరిలో వెలువడిన స్టీమ్ డెక్ అను చేతియంత్రము లినక్సుపైననే నడచును. దానిని కొన్నవారిలో ఎందరికో తాము లినక్సు వాడుచున్నామను ఎఱుకయే లేదనిన ఆశ్చర్యము కాదు. 2025 అక్టోబరునాటి లెక్కలో స్టీమ్ ఆటగాండ్రలో లినక్సు వాడువారు నూటికి ముగ్గురను దాటిరి. సంఖ్య చిన్నదే యైనను, అంతకు ముందెన్నడును అంత లేదు.

ఇంతవఱకు కథ సుఖముగా నున్నది. చిక్కు ఎక్కడ ననగా, దుబాసీ మాటలు మార్చగలడుగాని ద్వారపాలకుని ఒప్పింపలేడు. పదిమందియు అంతర్జాలముపై పోటీపడి ఆడు ఆటలలో మోసము చేయువారుందురు. గోడవెనుక నున్న ప్రత్యర్థిని కనిపెట్టునట్టియు, గురి తప్పకుండ కొట్టునట్టియు దొంగ ఉపాయములను వారు కంప్యూటరులో చేర్చుకొందురు. వారిని పట్టుటకు ఆటతోపాటు ఒక కాపలా కార్యక్రమము వచ్చును. ఇట్టి కాపలాదారులలో కొందఱు నిర్వహణ వ్యవస్థ గర్భములోనికి పోయి కూర్చుందురు. 2020లో వచ్చిన వాలరెంట్ అను ఆటలోని వాన్‌గార్డు అట్టిది. అది విండోసు గర్భమును ఎరుగునుగాని లినక్సు గర్భమును ఎరుగదు. కావున ఆ ఆట లినక్సుపై ఆడదు. ఫోర్టునైటు సంగతియు అంతే.

మరికొన్ని కాపలాలు లినక్సునకు అడ్డు కావు. ఈజీ యాంటీచీట్, బాటిల్ ఐ అను రెండు ప్రసిద్ధ కాపలాలు ప్రోటాన్‌తో పనిచేయుటకు 2021 సెప్టెంబరులో ఏర్పాటైనది. కాని ఆ తలుపు తెరచుటయా, మూయుటయా యనునది ఒక్కొక్క ఆట కంపెనీ ఇష్టము. తెరచిన తలుపును మరల మూయుటయు వారి ఇష్టమే. ఏపెక్స్ లెజెండ్స్ అను ఆట 2022 నుండి లినక్సుపై చక్కగా ఆడుచుండెను. 2024 అక్టోబరు 31న దాని యజమానులు ఆ తలుపు మూసివేసిరి. లినక్సులోని స్వేచ్ఛ మోసగాండ్రకు మాటుగా నున్నదనియు, వారిని కనిపెట్టుట కష్టమనియు వారు కారణము చెప్పిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5 అను ఆటకు క్రొత్త కాపలా పెట్టగా, లినక్సువారికి ఒంటరిగా ఆడు కథాభాగము మిగిలినదిగాని పదిమందితో ఆడు భాగము పోయినది. 2020 మార్చిలో రాకెట్ లీగ్ అను ఆటకు లినక్సు ప్రతియే నిలిచిపోయినది. కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చు ఏర్పాటు మాత్రము చేసిరి.

ఈ ఉదాహరణములలో ఒక సామాన్య లక్షణము కానవచ్చును. ఆటగాని యంత్రము చెడలేదు, లినక్సు చెడలేదు, దుబాసీ మాట తడబడలేదు. ఎక్కడనో దూరదేశమున ఒక కార్యాలయములో తీసికొన్న నిర్ణయము వలన, సొమ్ము చెల్లించి కొన్న వస్తువు ఒక ఉదయమున పనికిరానిదైనది. అసలు కొన్నదేమి యని విచారించినచో, మనము కొన్నది ఆటను కాదు, ఆడుకొనుటకు అనుమతిని మాత్రమే. ఈ సంగతిని కొనువారికి స్పష్టముగా చెప్పవలెనని కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో శాసనము చేసినది. అది అమలులోనికి రాకమునుపే స్టీమ్‌వారు ఆ మాటను తమ అంగడిలో వ్రాసిపెట్టిరి.

కావున గృహస్థు తన యంత్రమును మార్చుటకు ముందు ఇంటిలోని పిల్లలను కూర్చుండబెట్టుకొని వారు ఆడు ఆటల పట్టిక వ్రాయించుట మేలు. ప్రతి ఆట కెదుట అది ఒంటరిగా ఆడునదియా, పరులతో పోటీగా ఆడునదియా యని గుర్తింపవలెను. ఒంటరి ఆటలలో పెక్కు ప్రోటాన్‌తో నడచును. పోటీ ఆటలను ఒక్కొక్కటిగా విచారింపవలెను. వాల్వ్‌వారి సొంత ఆటలైన డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2 లినక్సునకే వ్రాయబడినవి గనుక వాని గూర్చి బెంగ అక్కఱలేదు. తక్కినవాని విషయములో, ప్రోటాన్ డి.బి. అను పట్టికలో ఆడి చూచినవారి అనుభవములు చేర్చబడుచున్నవి. వానిలో తేదీ చూచుకొని, క్రొత్త అనుభవములనే లెక్కింపవలెను. నిరుడు ఆడినదని చెప్పినవాని మాట నేటికి సాక్ష్యము కాజాలదు.

పాత యంత్రములలోని చిత్రలేఖన భాగమునకు వల్కన్ తెలియకపోవచ్చును. అట్టి యంత్రముపై లినక్సు చక్కగా నడచినను ప్రోటాన్‌తో ఆడు ఆటలలో పెక్కు నడువవు. యు.ఎస్.బి. పుల్లపై లినక్సును ఎక్కించి, యంత్రములోని పాత వ్యవస్థను కదల్పకుండనే పరీక్షించి చూచుకొనవచ్చును. చోటున్నచో రెండు వ్యవస్థలను ఒకే యంత్రములో నుంచి, ఒక్క పోటీ ఆట కొఱకు విండోసును, తక్కిన పనులకు లినక్సును వాడుకొనువారును ఉన్నారు. కొన్న ఆట నడువనిచో, కొన్న 14 దినములలోపల, ఆడిన కాలము 2 గంటలు మించక ముందు, స్టీమ్‌వారు సొమ్ము తిరిగి యిత్తురు. అందుచేత క్రొత్త ఆటను కొన్ననాడే ఆడి చూడవలెనుగాని సెలవులు వచ్చునంతవఱకు దాచియుంచరాదు.

వెల లేని స్వేచ్ఛాటలను మఱువరాదు. బాటిల్ ఫర్ వెస్నాత్, సూపర్ టక్స్ కార్టు, మౌర్యుల సైన్యమును నడుపుటకు వీలు గల 0 ఎ.డి. మొదలగునవి లినక్సులో సొంత పంటలు. ఇవి వెలగల ఆటల ఆడంబరమునకు సాటిరావు. కాని వీనిని ఎవ్వరును వెనుకకు తీసికొనలేరు. డూమ్ ఆటను చేసిన కంపెనీయే 1997లో దాని మూలరచనను లోకమునకు విడిచిపెట్టినది. ఆనాటి యంత్రములు మూలపడినను, ఆ ఆటను నేటి యంత్రములకు మలచుకొనువారు పుట్టుచునే ఉన్నారు. దానితో పుట్టిన ఎన్నో ఆటలు మూలరచన తాళములోనే ఉండిపోయి మఱుగునపడినవి.

ఆట దొరకునా యను ప్రశ్నతోపాటు దొరకిన ఆట ఎవరి చేతిలో నున్నదను ప్రశ్నయు అడుగవలెను. దుబాసీ నేర్పు ఏటేట పెరుగుచున్నది. రేవునకు వచ్చు ఓడల సంఖ్యయు పెరుగుచున్నది. తాళపుచెవి మాత్రము ఇంకను అమ్మినవాని యొద్దనే ఉన్నది. ఈ సంగతి తెలిసి, తన పిల్లల పట్టికను చేతబట్టుకొని లినక్సును ఎన్నుకొన్న గృహస్థు ఆశాభంగము పొందడు. ఇన్నాళ్లు పనిచేసిన యంత్రమును పారవేయకుండ నిలుపుకొనును. ఏ ఆటను వదలుకొనవలసి వచ్చునో పిల్లవానికి ముందే చెప్పును. ముందుగా చెప్పి తీసికొన్న నిర్ణయమునకు పిల్లలు సాధారణముగా ఒప్పుకొందురు. చెప్పక చేసినదానికి మాత్రము ఇల్లంతయు సమాధానము చెప్పుకొనవలసి వచ్చును.